పాత బట్టకు ఏ పని అప్పగించాలి? పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఇంట్లో మూలపడిన పాత దుప్పట్లు, కిటికీ తెరలు, చొక్కాలతో మళ్లీ మళ్లీ ఉతికి వాడుకోగల వస్తువులు కుట్టుకోవడం గురించి వచ్చిన ఉత్తరాలకు ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నాము. చాలామంది ముందు వస్తువును నిర్ణయించుకొని, ఆ తరువాత దానికి సరిపోయే బట్ట కోసం పెట్టెలు వెతుకుతున్నట్లు ఈ ఉత్తరాలను బట్టి తెలుస్తున్నది. కొత్త బట్ట కొని కుట్టేవారికి ఆ పద్ధతి సరిపోతుంది. పాత బట్ట విషయంలో మాత్రం దానిలో ఎంత సత్తువ మిగిలి ఉన్నదో ముందు చూసుకొని, అది ఏ పనికి ఓర్చుకోగలదో ఆ పనినే దానికి అప్పగించాలి.

ప్రశ్న: మా నాయనమ్మ గారి పెట్టెలో లినెన్ దుప్పట్లు, నూలు బల్లగుడ్డలు, రెండు పట్టు తెరలు దొరికాయి. కొన్ని దాదాపు నూరేళ్ల నాటివని ఇంట్లోవాళ్లు అంటారు. చూడడానికి చెక్కుచెదరకుండా ఉన్నాయి. వీటిని కోసి చేతిగుడ్డలు, దిండు గలీబులు కుట్టుకోవచ్చా?

జవాబు: బట్ట చెక్కుచెదరకుండా కనిపించడం వేరు, దానిలో సత్తువ ఉండడం వేరు. ఏళ్ల తరబడి మడతలోనే ఉన్న బట్ట పైకి కొత్తదానిలా మెరుస్తూ, మొదటి ఉతుకులోనే పీలికలైపోవచ్చు. కాబట్టి కత్తెర పట్టక ముందే దానిని పరీక్షించుకోవాలి. మొదట కిటికీ వెలుతురుకు ఎదురుగా ఎత్తి పట్టుకొని చూడండి. నేత దట్టంగా ఉన్న చోటికీ, పోగులు అరిగిపోయి వెలుతురు జల్లెడలో నుంచి కారినట్లు కారే చోటికీ తేడా వెంటనే తెలుస్తుంది. తరువాత రెండు బొటనవేళ్లనూ పక్కపక్కన ఆనించి, బట్టను మొదట పడుగు (నిలువు పోగుల) వైపు, ఆపైన పేక (అడ్డ పోగుల) వైపు నెమ్మదిగా బిగించి లాగండి. గట్టి బట్ట కొద్దిగా సాగి మళ్లీ సర్దుకుంటుంది. సత్తువ పోయిన బట్ట సన్నగా చిటపటమంటుంది. ఒక్కొక్క పోగూ తెగుతున్న చప్పుడు అది. ఈ పరీక్షను బట్ట మధ్యలో ఒకసారి, మడత గీత మీద మరొకసారి చేయాలి. లినెన్‌ను తయారు చేసే అవిసెనార చాలా బలమైనదే గాని, ఒకే చోట పదేపదే మడతపడితే అక్కడ విరుగుతుంది. అందుకే పాత లినెన్ దుప్పట్లు మడత గీతల వెంబడి మాత్రమే చిరిగి, మిగిలిన భాగమంతా గట్టిగా ఉండడం తరచుగా కనిపిస్తుంది. అటువంటి దుప్పటిని ఆ గీతల వెంబడే కోసి, మధ్యలో మిగిలిన ముక్కలను చేతిగుడ్డలుగా నిశ్చింతగా వాడుకోవచ్చు.

పట్టు తెరలను మాత్రం వాడుకలోకి తేవద్దని నా సలహా. 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట్లో పట్టుకు బరువు, ఒత్తు పెంచడం కోసం దానిని తగరం వంటి లోహాల లవణాలలో నానబెట్టే పద్ధతి ఉండేది. కాలం గడిచేకొద్దీ ఆ లవణాలే పోగును తినేస్తాయి. దానికి తోడు కిటికీకి వేలాడినన్ని సంవత్సరాల ఎండ కూడా ఉంటుంది. అటువంటి పట్టు నిలువునా చీలికలు చీలికలుగా విచ్చుకుంటుంది; వెనుక మరో బట్ట అతికించినా, ఎంత సన్నని సూదితో కుట్టినా, సూది దిగిన చోటు నుంచే మరో చీలిక మొదలవుతుంది. అచ్చు పువ్వుల బల్లగుడ్డలలో నలుపు, ముదురు గోధుమ రంగులు ఉన్న చోట్లను కూడా విడిగా లాగి చూడండి. ఇనుము కలిసిన రంగులైతే, చుట్టుపక్కల బట్ట బాగానే ఉండగా సరిగ్గా ఆ పువ్వు ఉన్నంత మేర మాత్రమే పెళుసుబారి ఉంటుంది.

పరీక్షలో నెగ్గిన బట్టను కూడా నేరుగా వాషింగ్ మెషీన్‌లో వేయకండి. ఒక మూలను తడిపి, తెల్లని గుడ్డతో అద్ది, రంగు దిగుతున్నదో లేదో చూసుకోండి. రంగు దిగకపోతే వెడల్పాటి తొట్టిలో చల్లని నీళ్లలో పరిచినట్లుగా నానబెట్టండి. పైకి తీసేటప్పుడు రెండు కొసలు పట్టుకొని ఎత్తితే, తాగిన నీటి బరువుకే పాత బట్ట మధ్యలో చిరుగుతుంది. కింద ఒక పాత తువ్వాలు వేసి, దాని మీద మోసినట్లుగా ఎత్తాలి.

ఇక కోయడమా, మానడమా అన్న విషయం. చేతితో ఎంబ్రాయిడరీ చేసినవి, ఎవరు ఎప్పుడు కుట్టారో పేరో సంవత్సరమో కుట్టి ఉన్నవి, పూర్తి జతగా మిగిలినవి కోయకండి. పెట్టెలో మరకపడినవి, అంచు చిరిగినవి, జత పోయి ఒంటరిగా మిగిలినవి ఎలాగూ ఉంటాయి. కత్తెర వాటితో మొదలు పెట్టండి. చేతిగుడ్డలకు అవే చాలినన్ని వస్తాయి.

ప్రశ్న: పాత బట్ట నూలో, పాలిఎస్టరో చీటీ లేకుండా ఎలా తెలుసుకోవాలి? తాకి చూస్తే నాకు తెలియడం లేదు.

జవాబు: తాకి చూసి చెప్పడం అనుభవం ఉన్నవారికి కూడా కష్టమే, ఎందుకంటే ఏళ్ల తరబడి ఉతికిన తరువాత కలనేత బట్టలు, అంటే నూలు, పాలిఎస్టర్ వంటివి కలిపి నేసినవి, కూడా నూలులా మెత్తబడతాయి. నమ్మదగినది నిప్పు పరీక్ష. అంచు నుంచి అయిదారు పోగులు లాగి మెలిపెట్టి, లోహపు పట్టకారుతో పట్టుకొని, గచ్చు తొట్టి మీద, పక్కన నీళ్లు పెట్టుకొని వెలిగించండి. నూలు, లినెన్, రేయాన్ కాగితంలా అంటుకొని, కాగితం కాలిన వాసన వేసి, వేలితో నలిపితే పొడి అయ్యే మెత్తని బూడిదను మిగులుస్తాయి. ఉన్ని, పట్టు వెంట్రుకలు కాలిన వాసన వేస్తాయి. మంట తీయగానే చాలావరకు ఆరిపోతాయి. మిగిలిన నల్లని పూస నలిపితే చితుకుతుంది. పాలిఎస్టర్, నైలాన్ మంట దగ్గరకు రాగానే ముడుచుకొని కరుగుతాయి. చల్లారాక గోటికి లొంగని గట్టి పూస మిగులుతుంది. కాగితం వాసనతో పాటు గట్టి పూస కూడా మిగిలితే అది కలనేత.

నూలునూ రేయాన్‌నూ నిప్పు విడదీయలేదు, నీరు విడదీస్తుంది. ఒక పోగును మధ్యలో నాలుకతో తడిపి రెండు చివరలు పట్టుకొని లాగండి. రేయాన్ తడిసినప్పుడు దాదాపు సగం బలం కోల్పోతుంది కాబట్టి తడి ఉన్న చోటే తెగుతుంది. నూలు, లినెన్ తడిసినప్పుడు ఇంకా గట్టిపడతాయి. తుడుపుగుడ్డలకు, చేతిగుడ్డలకు రేయాన్ పనికిరాకపోవడానికి కారణం ఇదే. బట్ట వయసు కచ్చితంగా తెలిస్తే అది కూడా ఒక ఆధారం: పాలిఎస్టర్‌ను కనిపెట్టినది 1941లో, దానితో చేసిన బట్టలు ఇళ్లకు చేరినది 1950ల నుంచి. అంతకు ముందు నాటి దుప్పటిలో పాలిఎస్టర్ ఉండే అవకాశం లేదు.

ప్రశ్న: పాత దుప్పట్ల మీద పసుపుపచ్చని చారలు, అక్కడక్కడ తుప్పు మరకలు ఉన్నాయి. బ్లీచింగ్ నీళ్లలో వేస్తే మరకలు ఇంకా ముదిరాయి. ఇవి పోయే దారి ఉందా?

జవాబు: క్లోరిన్ బ్లీచ్ తుప్పును పోగొట్టదు, దానిని బట్టలో మరింత గట్టిగా పాతుకునేలా చేస్తుంది, పైగా పోగును బలహీనపరుస్తుంది. ముందు ఆ బ్లీచ్ పూర్తిగా పోయేలా బట్టను రెండు మూడు నీళ్లలో జాడించండి, ఎందుకంటే దాని మీద మరే రసాయనమూ కలపకూడదు. తుప్పుకు ఆమ్లం కావాలి. లేత మరకకు నిమ్మరసం, ఉప్పు పట్టించి కొంతసేపు ఉంచి జాడిస్తే చాలు. ముదిరిన మరకకు ఆక్సాలిక్ ఆమ్లం ఉన్న తుప్పు మందు పనిచేస్తుంది గాని అది విషం. చేతి తొడుగులు వేసుకొని, పిల్లలకు దూరంగా వాడి, బట్టను బాగా జాడించాలి.

పసుపు చారలు వేరే సంగతి. అవి పోగు పాతబడటం వల్లనో, చెక్క పెట్టెకు, అట్టకు నేరుగా తగిలి ఉండడం వల్లనో వస్తాయి. వీటికి సోడియం పెర్‌కార్బొనేట్ ఉన్న ఆక్సిజన్ బ్లీచ్ సరైనది. దానిని గోరువెచ్చని కంటే కాస్త ఎక్కువ వేడి ఉన్న నీళ్లలో, అంటే సుమారు 40 నుంచి 50 డిగ్రీల సెల్సియస్ దగ్గర కలిపి, బట్టను కొన్ని గంటలు నానబెట్టండి. నూలుకు, లినెన్‌కు మాత్రమే ఇది; ఉన్నికి, పట్టుకు వాడకూడదు. అప్పటికీ పోని మరకను వదిలేయడమే మంచిది. మరక ఉన్న దుప్పటి గట్టిదైతే తుడుపుగుడ్డ అవుతుంది; మరక పోవాలని మందుల మీద మందులు పట్టించిన దుప్పటి చివరకు దేనికీ పనికిరాకుండా పోతుంది.

ప్రశ్న: పాత కిటికీ తెరను నాలుగు మడతలు వేసి మసిబట్టలు కుట్టాను. వేడి గిన్నె పట్టుకోగానే చెయ్యి చురుక్కుమంది, బట్ట గిన్నెకు అంటుకుంది. నాలుగు మడతలు చాలవా?

జవాబు: మడతలు ఎన్ని అన్నది ఇక్కడ రెండో ప్రశ్న. అంటుకున్నదంటే అది పాలిఎస్టరో, వెనుక వైపు పూత ఉన్న తెరో అయి ఉండాలి. పాలిఎస్టర్ 250 నుంచి 260 డిగ్రీల మధ్య కరుగుతుంది, అంతకు ముందే మెత్తబడుతుంది. పొయ్యి మీద ఖాళీగా వేడెక్కిన పెనం ఆ వేడిని సులభంగా దాటుతుంది. కరిగిన పాలిఎస్టర్ చర్మానికి అంటుకుంటే మామూలు కాలిన గాయం కంటే ప్రమాదకరం. ఆ మసిబట్టలను ఈ రోజే పక్కన పెట్టేయండి. కలనేత బట్టలు కూడా ఈ పనికి వద్దు.

మసిబట్టలో చేతిని కాపాడేది బట్ట కాదు, బట్టల మధ్య చిక్కుకున్న గాలి. పలుచని నూలు బట్టను ఎన్ని మడతలు వేసి కుట్టినా, అవి ఒకదానికొకటి అదుముకొని గాలిని బయటకు నెట్టేస్తాయి. అందువల్ల పైన, కింద గట్టి నూలు బట్ట ఉంచి, మధ్యలో బొచ్చు ఉన్నది పెట్టాలి. పాత నూలు స్నానపు తువ్వాలు రెండు పొరలు గాని, పాత ఉన్ని కంబళి ఒక పొర, తువ్వాలు ఒక పొర గాని బాగా పనిచేస్తాయి. ఉన్ని నూలు కంటే ఆలస్యంగా అంటుకుంటుంది, కరగదు. బిగుతైపోయి తొడుక్కోలేని పూర్తి ఉన్ని స్వెటర్ ఉంటే దానిని వేడినీళ్లలో మెషీన్‌లో తిప్పండి. అది ఇంకా కుంచించుకొని, నేత కనిపించనంత దట్టమైన పలకలా తయారవుతుంది, కోసినా అంచు విడిపోదు. మెషీన్‌లో ఉతకవచ్చునని చీటీ ఉన్న ఉన్ని మాత్రం సాధారణంగా ఇలా మారదు, ఎందుకంటే కుంచించుకోకుండా దానిని ముందే శుద్ధి చేసి ఉంటారు.

కొలత 20 సెంటీమీటర్ల చతురస్రం చాలు. పొరలన్నీ పేర్చి, ఒక మూల నుంచి ఎదురు మూలకు మొదటి కుట్టు వేసి, దానికి ఇరువైపులా నాలుగైదు సెంటీమీటర్ల ఎడంతో మిగిలిన కుట్లు వేయండి. కుట్లు మరీ దగ్గరగా వేస్తే అందం పెరిగి గాలి తగ్గుతుంది. మరీ ఎడంగా వేస్తే ఉతికినప్పుడు లోపలి పొర ఒక మూలకు పోగుపడుతుంది. దారం నూలుదే వాడండి. అంచుకు పాత చొక్కా బట్టను ఏటవాలుగా కోసిన క్రాస్ పట్టీ వేస్తే మూలల దగ్గర ముడతలు రావు. బజారులో దొరికే మెరిసే వేడి నిరోధక పొరను మధ్యలో పెట్టుకోవాలనుకుంటే, అది తువ్వాలు పొరలకు తోడుగా ఉండాలే గాని వాటికి బదులుగా కాదు; లోహపు పూత ఉన్నందున ఆ మసిబట్టను మైక్రోవేవ్‌లో పెట్టకూడదు.

మరొక మాట: ఎంత మందంగా కుట్టినా తడి మసిబట్టతో వేడి గిన్నె పట్టుకోకండి. గాలి ఉండవలసిన చోట నీరు చేరితే వేడి క్షణంలో చేతికి వస్తుంది, నీరు ఆవిరైతే ఇంకా ప్రమాదం. అందుకే మసిబట్టలు కనీసం రెండు జతలు ఉండాలి.

ప్రశ్న: పరుపు దుప్పట్లు నడుమ పలచబడ్డాయి, అంచులు మాత్రం గట్టిగా ఉన్నాయి. పారేయడానికి మనసు ఒప్పడం లేదు. చేతిగుడ్డలు కుట్టాలంటే మూలలు నాకు ఎప్పుడూ లావుగా ముద్దగా వస్తాయి.

జవాబు: చేతిగుడ్డల దాకా వెళ్లకముందు ఆ దుప్పటిని దుప్పటిగానే మరికొన్నేళ్లు వాడుకునే ఉపాయం ఒకటి ఉంది. దానిని నడుమ నిలువునా కోసి, గట్టిగా ఉన్న రెండు పక్క అంచులను ఒకదాని మీద ఒకటి కొద్దిగా ఎక్కించి మధ్యలో కలిపి కుట్టండి. అరిగిన భాగాలు పక్కలకు వెళతాయి. వాటిని మడిచి అంచు కుట్టేస్తే పరుపు కిందికి పోయి కనిపించవు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలోనూ, ఆ తరువాత కొన్నేళ్లూ, బ్రిటన్‌లో 1941 నుంచి 1949 వరకు బట్టలకు రేషన్ ఉన్న రోజుల్లో, గృహిణులు విరివిగా వాడిన పద్ధతి ఇది. మధ్యలో వచ్చే కుట్టు ఒంటికి తగులుతుందని కొందరికి ఇష్టం ఉండదు. అంచులను దొడ్డుగా మడవకుండా, బట్టకు నేతలోనే వచ్చిన, పోగులు విడిపోని బద్దీ అంచుల మీదే పలుచగా కుట్టితే పెద్దగా తెలియదు.

పలచబడిన చోట కొత్త బట్ట అతుకు వేయడం మాత్రం మంచిది కాదు. కొత్త బట్ట ఉతికితే కుంచించుకుంటుంది, పాతది కుంచించుకోదు. పైగా అతుకు బలంగా ఉండి చుట్టూ ఉన్న బలహీనమైన బట్టను లాగేస్తుంది. మాసిక వేయవలసి వస్తే అదే వయసు ఉన్న మరో పాత దుప్పటి ముక్కతో వేయండి.

ఇక చేతిగుడ్డల మూలలు. పూర్తయిన గుడ్డ 45 సెంటీమీటర్లు ఉండాలంటే 49 సెంటీమీటర్ల చతురస్రం కోయండి. నాలుగు వైపులా ఒక సెంటీమీటరు మడిచి ఇస్త్రీ చేసి, మళ్లీ ఒక సెంటీమీటరు మడిచి ఇస్త్రీ చేసి, మడతలన్నీ విప్పేయండి. ఇప్పుడు ప్రతి మూలలో ఇస్త్రీ గీతలు చిన్న చిన్న గళ్లుగా కనిపిస్తాయి. లోపలి గీతలు రెండూ ఒకదానినొకటి దాటే బిందువును చూసుకొని, ఆ బిందువు మీదుగా మూలను ఏటవాలుగా లోపలికి మడిచి ఇస్త్రీ చేయండి. ఆ ఏటవాలు మడతకు అర సెంటీమీటరు వదిలి మిగిలిన మూల కొసను కత్తిరించేయండి. తరువాత పక్కలను మొదటి గీత వెంబడి, ఆపైన రెండో గీత వెంబడి తిరిగి మడిస్తే రెండు అంచులు మూలలో అద్దంలో చూసుకున్నట్లు సరిగ్గా కలుసుకుంటాయి, లోపల ముద్దగా ఉండవలసిన బట్ట ఇక అక్కడ లేదు. మూల దగ్గర కుట్టు మొదలుపెట్టకుండా, పక్క నడుమ మొదలుపెట్టి చుట్టూ తిరిగి రండి. పాత పలుచని బట్ట మూలలో మొదలుపెడితే మెషీన్ దానిని కిందికి లాగేసుకుంటుంది. సూది 11వ నంబరు, అంటే మరో కొలతలో 75, సరిపోతుంది.

కొత్త గుడ్డ కంటే ఇవి నీటిని బాగా పీలుస్తాయి, ఎందుకంటే కొత్త బట్టకు మిల్లులో పట్టించే గంజి, పూతలు వీటి నుంచి ఎప్పుడో పోయి ఉంటాయి. ఆ గుణం నిలవాలంటే ఉతికేటప్పుడు మెత్తదనం కోసం వాడే కండిషనర్ ద్రవాన్ని పోయకండి. అది పోగుల మీద పొరలా మిగిలి నీటిని పీల్చనివ్వదు.

ప్రశ్న: పాత టీషర్టులు తుడుపుగుడ్డలుగా కుడుతుంటే అంచులు అలల్లా సాగిపోతున్నాయి. ఏం చేయాలి?

జవాబు: కుట్టకండి. టీషర్టు అల్లిక బట్ట. కోసినా పోగులు విడిపోవు, అంచు కొద్దిగా చుట్టుకుంటుంది, అంతే. చతురస్రాలుగా కోసి వాడుకోవడమే. తప్పక కుట్టాలంటే మొన గుండ్రంగా ఉండే బాల్‌పాయింట్ సూదితో, జిగ్‌జాగ్ కుట్టుతో, బట్టను లాగకుండా కుట్టండి. ఆటల జెర్సీలు పాలిఎస్టర్‌వి కాబట్టి ఈ పనికి రావు.

ప్రశ్న: పాత జీన్స్‌తో సరుకుల సంచి కుడుతుంటే అతుకు దగ్గరకు రాగానే సూది విరుగుతోంది. కుట్టిన ఒక సంచికి పిడి ఊడిపోయింది.

జవాబు: జీన్స్‌లో మడిచి కుట్టిన అతుకులో బట్ట నాలుగు పొరలుంటుంది; దానిని మళ్లీ మడిచి అంచు కుట్టితే పొరలు ఎనిమిదో పన్నెండో అవుతాయి. ఆ గుట్టను ఎక్కేటప్పుడు బట్టను అదిమి పట్టే మెషీన్ పాదం ముందు వైపు పైకి లేచి వెనక్కి వాలుతుంది, దానితో సూది వంగి కింది పలకకు తగిలి విరుగుతుంది. పాదం వెనుక అదే ఎత్తు వచ్చేలా మడిచిన జీన్స్ ముక్కనో అట్టముక్కనో పెట్టి పాదాన్ని సమం చేయండి. అతుకును ముందే చెక్క మీద పెట్టి సుత్తితో కొట్టి అణచండి. జీన్స్ సూది 16వ నంబరు, అంటే 100, పెట్టి, కుట్టు పొడవు మూడు మిల్లీమీటర్లకు పైన ఉంచి, గుట్ట మీద మోటారుతో కాకుండా చేతి చక్రంతో నడపండి. అసలు ఉన్న అతుకులను తప్పించి కోసుకోగలిగితే ఇంకా మంచిది.

పిడి ఊడిపోవడానికి కారణం కుట్టు తక్కువ కావడం కంటే, బరువంతా ఒకే గీత మీద పడడమే అయి ఉంటుంది. పిడి కొసను సంచి అంచులో ఇరికించి ఒక్క కుట్టు వేసి వదిలేయకుండా, కనీసం అయిదు సెంటీమీటర్లు సంచి మీదికి దింపి, అంత మేర చతురస్రంగా కుట్టి, దాని లోపల మూల నుంచి మూలకు రెండు ఏటవాలు కుట్లు వేయండి. నిజంగా బరువైన సరుకులు మోయాలంటే పిడి పట్టీని సంచి పక్క నుంచి అడుగు కిందుగా తిప్పి రెండో పక్కకు తీసుకురావడం అన్నిటికంటే గట్టి పద్ధతి. అప్పుడు బరువును మోసేది పట్టీయే, బట్ట కాదు. సాగే గుణం ఉన్న జీన్స్‌ను పిడికి వాడవద్దు. అది బరువుకు సాగుతూ, సంచిని నేల దాకా దింపుతుంది.

ప్రశ్న: గుడ్డ సంచి పర్యావరణానికి ప్లాస్టిక్ సంచి కంటే చెరుపని ఎక్కడో చదివాను. అయితే మనం కుట్టుకోవడం వృథాయేనా?

జవాబు: మీరు చదివినది బహుశా డెన్మార్క్ పర్యావరణ పరిరక్షణ సంస్థ 2018లో వెలువరించిన అధ్యయనం గురించి అయి ఉంటుంది. పలుచని ప్లాస్టిక్ సంచితో పోలిస్తే మామూలు నూలు సంచిని వాతావరణ మార్పు ఒక్కటే లెక్కలోకి తీసుకుంటే 52 సార్లు, నీరు, ఓజోన్ పొర వంటి అన్ని కొలమానాలూ కలిపి చూస్తే 7,100 సార్లు వాడితే గాని సమానం కాదని అది లెక్కగట్టింది. ఆ సంఖ్యను పట్టుకొని గుడ్డ సంచులను తీసిపారేయడం తొందరపాటు. ఆ లెక్క పత్తి పండించి, నూలు వడికి, బట్ట నేసి, కొత్తగా చేసిన సంచిది. ఓజోన్ కొలమానమే దానిని అంత పైకి లాగింది. మీ పాత ప్యాంటు విషయంలో ఆ ఖర్చంతా ఎప్పుడో జరిగిపోయింది. సంచికి కొత్తగా అయ్యేది కాస్త దారం, కాస్త కరెంటు.

అయితే పాత బట్టతో సంచి కుడుతున్నామంటూ లోపలికి కొత్త లైనింగు, మధ్యకు కొత్త ఫ్యూజింగు (ఇస్త్రీతో అతికే గట్టి పొర), పైకి కొత్త జిప్పు, కొత్త లేసు కొనేవారిని చూస్తే నాకు ఆ అధ్యయనమే గుర్తుకు వస్తుంది. లైనింగుకు పాత దుప్పటి ఉన్నది, జిప్పు పాత ప్యాంటుకే ఉన్నది. ఇక ఇంటికి పది సంచులు ఉన్న తరువాత పదకొండోది ఎంత పాత బట్టతో కుట్టినా, అది కుట్టే సరదా కోసమే. సరదా తప్పు కాదు, దానికి పర్యావరణం పేరు పెట్టనక్కర లేదు.

ప్రశ్న: తేనెమైనం పట్టించిన గుడ్డలు గిన్నెల మీద మూతలుగా వాడుతున్నాను. వేడినీళ్లలో కడిగితే జిగురు పోయింది.

జవాబు: తేనెమైనం 62 నుంచి 64 డిగ్రీల దగ్గరే కరుగుతుంది కాబట్టి వేడినీళ్లు తగలకూడదు. చల్లని నీళ్లు, తేలికైన సబ్బు చాలు. మైనం అక్కడక్కడ పోతే రెండు కాగితాల మధ్య పెట్టి ఇస్త్రీ చేస్తే సమంగా పరుచుకుంటుంది. వేడి పదార్థాల మీద, పచ్చి మాంసం మీద వాడకండి. రోజూ వేడినీళ్లలో ఉతకగల మూత కావాలంటే, మైనం లేకుండా గట్టి నూలు బట్టకు అంచులో ఎలాస్టిక్ దూర్చి గిన్నె టోపీలు కుట్టుకోవడం మేలు.

ప్రశ్న: ఇవన్నీ కుట్టగా మిగిలిన చిన్న చిన్న ముక్కలు రెండు సంచుల నిండా ఉన్నాయి. దూది బదులు దిండ్లలో కూరవచ్చా?

జవాబు: తల కింద పెట్టుకునే దిండ్లకు వద్దు, గుడ్డ ముక్కలు దూది కంటే చాలా బరువు, పైగా రెండు నెలల్లో రాయిలా గడ్డకడతాయి. నేల మీద కూర్చునే మెత్తలకు, తలుపు కింది సందు మూసే పొడవాటి గుడ్డ గొట్టాలకు ఆ బరువే కావాలి. ముక్కలను రెండు సెంటీమీటర్ల కంటే చిన్నవిగా కత్తిరించి కూరితే గడ్డలు తక్కువగా కడతాయి. ఉన్ని ముక్కలు కలుపుతుంటే ముందు వాటిని గట్టి ప్లాస్టిక్ సంచిలో మూటగట్టి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. బట్టల చిమ్మెటల గుడ్లు ఉంటే చచ్చిపోతాయి. కూరిన ముక్కలను నేరుగా పై గలీబులో పెట్టకుండా, పాత దుప్పటితో ఒక లోపలి సంచి కుట్టి అందులో నింపి, నోరు చేతి కుట్టుతో మూసేయండి. అప్పుడు పై గలీబును విడిగా తీసి ఉతుక్కోవచ్చు, లోపలిది ఎండలో వేస్తే చాలు.